లైనక్స్ నెట్‌వర్క్ డ్రైవర్లలో ఎర్రర్ పాత్ బగ్గులు: వెతకడం, సరిచేయడం, రుజువు చేయడం

నెట్‌వర్క్ డ్రైవర్‌లో, అంటే నెట్‌వర్క్ కార్డును నడిపే కెర్నల్ కోడ్‌లో, మామూలు దారి రోజుకు లక్షలసార్లు నడుస్తుంది. అందులో తప్పుంటే మొదటి గంటలోనే ఎవరో ఒకరు కేకేస్తారు. అడిగిందేదో దొరక్క మధ్యలోంచి వెనక్కి దిగాల్సిన దారి ఉంటుంది చూడండి, అదే ఎర్రర్ పాత్, అది చాలా మెషీన్లలో ఒక్కసారి కూడా నడవదు. రాసినవాళ్లు నడిపి చూడలేదు, రివ్యూ చేసినవాళ్లు కంటితో చూసి సరే అన్నారు. ఏళ్లు గడిచాక మెమరీ చాలని ఏదో బోర్డులో అది మొదటిసారి నడుస్తుంది, ఆ రోజే కెర్నల్ కూలుతుంది.

నాకు తగిలిన మొదటి బగ్ ఇలాంటిదే. చిన్న రూటర్ బోర్డు, బూట్ అయ్యేటప్పుడు అప్పుడప్పుడూ ప్యానిక్. స్టాక్ ట్రేస్ (కూలినప్పుడు ఏ ఫంక్షన్లు నడుస్తున్నాయో చెప్పే జాబితా) ఇంటరప్ట్ హ్యాండ్లర్‌ని, అంటే హార్డ్‌వేర్ పిలిచినప్పుడు నడిచే ఫంక్షన్‌ని, చూపిస్తోంది కదా అని మూడు రోజులు హ్యాండ్లర్‌నే తవ్వాను. అక్కడ ఏ తప్పూ లేదు. క్లాక్ ఇంకా సిద్ధం కాలేదని డివైస్‌ని మొదట సిద్ధం చేసే ప్రోబ్ ఫంక్షన్ వెనక్కి తిరిగింది, తిరుగుతూ మెమరీని వదిలేసింది, ఇంటరప్ట్‌ని వదలడం మరిచిపోయింది. తర్వాత వచ్చిన ఇంటరప్ట్ ఖాళీ చేసిన ఇంటి తలుపు తట్టింది. కూలిన చోటు వేరు, తప్పు చేసిన చోటు వేరు. ఈ జాతి బగ్గులన్నిటికీ అదే గుణం.

ఉదాహరణకు పీసీఐ ఈథర్‌నెట్ డ్రైవర్‌ని తీసుకుంటున్నాను. సీ భాష, లైనక్స్ కెర్నల్ మాడ్యూల్ రాయడం కాస్త తెలిసుంటే చాలు. కోడ్‌లోని పేర్లను నోటితో పలికినట్టే రాశాను.

మొదట అడ్డా సిద్ధం చేసుకోండి

ఈ పని అసలు మెషీన్ మీద చేయొద్దు. క్యూఈఎంయూలో ఒక వర్చువల్ మెషీన్ పెట్టుకోండి. అది ఇంటెల్ ఈ1000 కార్డును అనుకరిస్తుంది, నేర్చుకోవడానికి ఆ డ్రైవర్ చాలు. కెర్నల్ కాన్ఫిగ్‌లో ఇవి ఆన్ చేయండి: వదిలేసిన మెమరీని ముట్టుకుంటే పట్టించే కాసాన్, ఎవరికీ చెందకుండా మిగిలిన మెమరీని చూపించే కేమెమ్‌లీక్, డీఎంఏ (కార్డు తానే నేరుగా మెమరీని చదివి రాసే పద్ధతి) మ్యాపింగుల లెక్క చూసే డీఎంఏ_ఏపీఐ_డీబగ్, లాకుల వరుస చూసే ప్రూవ్_లాకింగ్. వీటితోపాటు కేటాయింపులను కావాలనే విఫలం చేయడానికి ఫాల్ట్_ఇంజెక్షన్, ఫెయిల్‌స్లాబ్, ఫెయిల్_పేజ్_అలాక్, ఫాల్ట్_ఇంజెక్షన్_డీబగ్_ఎఫ్ఎస్. సాధారణ కాసాన్ తన లెక్కల కోసమే మెమరీలో ఎనిమిదో వంతు తీసుకుంటుంది, కాబట్టి వర్చువల్ మెషీన్‌కి కాస్త ధారాళంగానే ఇవ్వండి.

కాగితం మీద రెండు వరుసలు

కోడ్ మార్చే ముందు కాగితం తీయండి. ఎడమవైపు ప్రోబ్ ఫంక్షన్ తీసుకున్నవన్నీ వరుసగా రాయండి: నెట్ డివైస్ మెమరీ, పీసీఐ డివైస్ ఎనేబుల్, రీజియన్లు, రిజిస్టర్ల మ్యాపింగ్, రిజిస్ట్రేషన్. కుడివైపు ఒక్కోదాన్ని తిరిగి ఇచ్చే ఫంక్షన్ పేరు. కుడివైపు ఖాళీగా మిగిలిన గడి ఉంటే సగం బగ్ అక్కడే దొరికినట్టు. ఇది స్కూలు పిల్లల పనిలా అనిపిస్తుంది. అయినా రెండు వేల లైన్ల డ్రైవర్ ముందు నేను ఇప్పటికీ ఇదే చేస్తాను.

ఎడమవైపు ప్రతి పేరు పక్కన ఇంకో సంగతి రాయండి: విఫలమైతే ఆ ఫంక్షన్ ఆ మాట ఎలా చెబుతుంది? కెర్నల్‌లో దీనికి మూడు యాసలున్నాయి. కొన్ని రుణ సంఖ్య ఇస్తాయి: మెమరీ లేకపోతే ఈనోమెమ్, అంటే -12. డివైస్ లేకపోతే ఈనోడెవ్, -19. కొన్ని నల్ ఇస్తాయి: అలాక్_ఈథర్‌డెవ్, కేజాలాక్, పీసీఐ_ఐఓమ్యాప్. కొన్ని పాయింటర్ వేషంలో ఎర్రర్‌ని పంపిస్తాయి: డెవ్‌ఎం_క్లాక్_గెట్ లాంటివి. అడ్రస్ స్పేస్‌లో చిట్టచివరి 4095 విలువలను ఇందుకోసం వాడుకుంటారు. ఈజ్_ఎర్ర్‌తో పరీక్షించి, పీటీఆర్_ఎర్ర్‌తో సంఖ్య బయటకు తీయాలి.

ఒక యాసలో చెప్పింది ఇంకో యాసలో వింటే బగ్. నల్ ఇచ్చే ఫంక్షన్‌ని ఈజ్_ఎర్ర్‌తో చూస్తే నల్ హాయిగా దాటిపోతుంది. పాయింటర్ వేషంలో వచ్చిన ఎర్రర్‌ని నల్ కాదు కదా అని వదిలేస్తే, డ్రైవర్ దాన్ని నిజమైన చిరునామా అనుకుని ముట్టుకుంటుంది. ఇదే కోవలో ఇంకోటి: ప్లాట్‌ఫామ్_గెట్_ఐఆర్‌క్యూ రుణ సంఖ్య ఇవ్వగలదు. దాన్ని అన్‌సైన్డ్ వేరియబుల్‌లో వేసుకుని సున్నా కంటే తక్కువా అని అడిగితే ఆ జవాబు ఎప్పటికీ కాదనే వస్తుంది. కంపైలర్ కూడా మామూలు సెట్టింగుల్లో నోరు మెదపదు.

దిగే మెట్లు

పందిరి విప్పేటప్పుడు ముందు గుంజలు పీకరు. చివర కట్టిన తాడు మొదట విప్పుతారు. కెర్నల్‌లో ఈ పని గోటూతో చేస్తారు. గోటూ పాపమని కాలేజీలో చెప్పిన మాట ఇక్కడ చెల్లదు. కెర్నల్ కోడింగ్ స్టైల్ పత్రమే ఈ వాడకాన్ని సమర్థిస్తుంది.

    ఎన్‌డెవ్ = అలాక్_ఈథర్‌డెవ్(సైజాఫ్(*ప్రివ్));
    ఇఫ్ (!ఎన్‌డెవ్)
        రిటర్న్ -ఈనోమెమ్;
    ప్రివ్ = నెట్‌డెవ్_ప్రివ్(ఎన్‌డెవ్);

    ఎర్ర్ = పీసీఐ_ఎనేబుల్_డివైస్(పీడెవ్);
    ఇఫ్ (ఎర్ర్)
        గోటూ ఫ్రీ_ఎన్‌డెవ్;

    ఎర్ర్ = పీసీఐ_రిక్వెస్ట్_రీజియన్స్(పీడెవ్, పేరు);
    ఇఫ్ (ఎర్ర్)
        గోటూ డిసేబుల్_డివైస్;

    ప్రివ్->రెగ్స్ = పీసీఐ_ఐఓమ్యాప్(పీడెవ్, 0, 0);
    ఇఫ్ (!ప్రివ్->రెగ్స్) {
        ఎర్ర్ = -ఈనోమెమ్;
        గోటూ రిలీజ్_రీజియన్స్;
    }

    ఎర్ర్ = రిజిస్టర్_నెట్‌డెవ్(ఎన్‌డెవ్);
    ఇఫ్ (ఎర్ర్)
        గోటూ అన్‌మ్యాప్;
    రిటర్న్ 0;

    అన్‌మ్యాప్:
        పీసీఐ_ఐఓఅన్‌మ్యాప్(పీడెవ్, ప్రివ్->రెగ్స్);
    రిలీజ్_రీజియన్స్:
        పీసీఐ_రిలీజ్_రీజియన్స్(పీడెవ్);
    డిసేబుల్_డివైస్:
        పీసీఐ_డిసేబుల్_డివైస్(పీడెవ్);
    ఫ్రీ_ఎన్‌డెవ్:
        ఫ్రీ_నెట్‌డెవ్(ఎన్‌డెవ్);
        రిటర్న్ ఎర్ర్;

లేబుల్ పేరు చూడగానే అక్కడేం జరుగుతుందో తెలియాలి. ఎర్ర్1, ఎర్ర్2 అని పెడితే ఎవరో మధ్యలో కొత్త మెట్టు చేర్చిన రోజు వరుస తప్పుతుంది. అన్ని దారులనూ ఒకే లేబుల్‌కి తెచ్చి, అక్కడ ఉన్నవీ లేనివీ అన్నీ ఫ్రీ చేసే పద్ధతి ఇంకా ప్రమాదం. ఇంకా కేటాయించని స్ట్రక్చర్‌లోకి వెళ్లి దాని లోపలి పాయింటర్‌ని ఫ్రీ చేయబోయే కోడ్‌ను నేను చాలాసార్లు చూశాను.

ఇప్పుడు పరీక్ష. ప్రతి ఇఫ్ దగ్గర ఆగి అడగండి: ఈ క్షణంలో నా చేతిలో ఏమేమున్నాయి? ఈ లేబుల్ నుంచి కిందికి జారితే సరిగ్గా అవే వదులుతున్నానా? ఒకటి ఎక్కువైతే డబుల్ ఫ్రీ, ఒకటి తక్కువైతే లీక్. మధ్యలో ఎక్కడైనా నేరుగా రిటర్న్ కనిపిస్తే దాన్ని అనుమానించండి. తర్వాత రోజుల్లో చేర్చిన ఫీచర్లలోనే ఇవి ఎక్కువ దొరుకుతాయి.

రెండు సంగతులు గట్టిగా పట్టుకోండి. ఒకటి, ప్రివ్ అనేది నెట్ డివైస్ మెమరీలోనే భాగం. ఫ్రీ_నెట్‌డెవ్ తర్వాత ప్రివ్‌ని ముట్టుకుంటే అది చచ్చిన మెమరీయే. డివైస్‌ని తీసేటప్పుడు నడిచే రిమూవ్ ఫంక్షన్‌లో చివరి రెండు లైన్లు తారుమారైన డ్రైవర్లు ఎన్నో. రెండు, రిజిస్టర్_నెట్‌డెవ్ చిట్టచివర ఉండాలి. అది పిలిచిన మరుక్షణం, మీ ప్రోబ్ ఇంకా పూర్తికాకముందే, యూజర్ స్పేస్ ఆ ఇంటర్‌ఫేస్‌ని పైకి లేపగలదు. దాని తర్వాత విఫలమయ్యే పని పెడితే, ట్రాఫిక్ నడుస్తున్న డివైస్ కింద నేల లాగినట్టే.

మింగేసిన ఎర్రర్ కోడ్

పైన పీసీఐ_ఐఓమ్యాప్ దగ్గర ఎర్ర్ విలువను చేత్తో పెట్టాం. ఆ లైను మరిచిపోతే అంతకుముందు గెలిచిన ఫంక్షన్ వదిలిన 0 అలాగే ఉంటుంది. అన్నీ శుభ్రంగా వదిలేసి, అంతా బాగుందని చెప్పి ప్రోబ్ తిరిగి వస్తుంది. కెర్నల్ నమ్మేస్తుంది. రేపు మాడ్యూల్ తీసేటప్పుడు రిమూవ్ వచ్చి, లేని డివైస్‌ని రెండోసారి విడిపించబోతుంది. స్మ్యాచ్ అనే స్టాటిక్ పరికరం ఈ రకాన్ని బాగా పట్టిస్తుంది.

వచ్చిన కోడ్‌ని మార్చేయడం ఇంకో తప్పు. ఈప్రోబ్_డిఫర్ అని ఒకటుంది, విలువ -517. నాకు కావాల్సింది ఇంకా రాలేదు, తర్వాత మళ్లీ పిలువు అని దానర్థం. డ్రైవర్ దాన్ని ఈనోడెవ్‌గా మార్చి పంపితే కెర్నల్ మళ్లీ పిలవదు. అప్పుడు ఒక బూట్‌లో నెట్‌వర్క్ ఉంటుంది, ఇంకో బూట్‌లో ఉండదు. అందరూ కేబుల్‌ని తిడతారు. కిందనుంచి వచ్చిన కోడ్‌ని అలాగే పైకి పంపండి. మెసేజ్ కావాలంటే డెవ్_ఎర్ర్_ప్రోబ్ వాడండి, డిఫర్ అయినప్పుడు అది లాగ్ నింపదు.

విఫలమైనా చేతిలో ఏదో మిగిల్చే ఫంక్షన్లు

ఎర్రర్ వచ్చిందంటే ఏమీ జరగలేదని అనుకుంటాం. అన్నిసార్లూ నిజం కాదు. డివైస్‌ని నిద్ర లేపే పీఎం_రన్‌టైమ్_గెట్_సింక్ విఫలమైనా వాడుక లెక్కను ఒకటి పెంచే పోతుంది. తగ్గించే బాధ్యత మీదే. ఈ తలనొప్పి భరించలేకే 2020లో పీఎం_రన్‌టైమ్_రిజ్యూమ్_అండ్_గెట్ తెచ్చారు. డివైస్_రిజిస్టర్ విఫలమైతే కేఫ్రీ చేయకూడదు, పుట్_డివైస్ పిలవాలి. డివైస్ ట్రీలో (బోర్డు హార్డ్‌వేర్‌ని వివరించే పట్టికలో) పిల్ల నోడ్ల మీద తిరిగే లూప్‌లోంచి మధ్యలో బయటపడితే, చేతిలో ఉన్న నోడ్‌కి ఓఎఫ్_నోడ్_పుట్ బాకీ.

దీనికి తిరగబడ్డ రకం ఎస్‌కేబీ (కెర్నల్‌లో ఒక ప్యాకెట్‌ని మోసే స్ట్రక్చర్) ఫంక్షన్లలో ఉంది. ఈథర్‌నెట్ ఫ్రేమ్ కనీసం 60 బైట్లుండాలి కాబట్టి చిన్న ప్యాకెట్‌ని ఎస్‌కేబీ_పుట్_ప్యాడ్‌టూతో నింపుతారు. అది విఫలమైతే ప్యాకెట్‌ని తానే ఫ్రీ చేసి వస్తుంది. ఈథ్_ఎస్‌కేబీ_ప్యాడ్ కూడా అంతే. పద్ధతిగా రాయాలనుకున్న మనిషి అక్కడ గోటూ డ్రాప్ అని పెడతాడు, డబుల్ ఫ్రీ అవుతుంది. పేరు చూసి ఊహించొద్దు, ఫంక్షన్ ఒళ్లు తెరిచి చదవండి. పైన ఉన్న వ్యాఖ్య కూడా.

ట్రాన్స్‌మిట్ దారి

నా లెక్కలో ఎక్కువ సమయం ఇక్కడే పెట్టాలి. ప్రోబ్ ఒక్కసారి నడుస్తుంది, ప్యాకెట్‌ని పంపే ఫంక్షన్ ఎన్‌డీఓ_స్టార్ట్_ఎక్స్‌మిట్ ప్రతి ప్యాకెట్‌కీ నడుస్తుంది.

నియమం చిన్నది. నెట్‌డెవ్_టీఎక్స్_ఓకే ఇస్తే ప్యాకెట్ నాది, దాని సంగతి నేను చూసుకున్నాను అని. పంపినా, పారేసినా. నెట్‌డెవ్_టీఎక్స్_బిజీ ఇస్తే నేను ముట్టుకోలేదు, నువ్వే ఉంచుకో అని. బిజీ చెప్పి ప్యాకెట్‌ని ఫ్రీ చేస్తే, పై పొర అదే ప్యాకెట్‌ని మళ్లీ పంపుతుంది, అది చచ్చిన మెమరీ. పోనీ -ఈనోమెమ్ ఇద్దామా? రుణ సంఖ్య వస్తే పై పొర ప్యాకెట్ ఖర్చయిపోయిందనే లెక్క వేసుకుంటుంది. మీరు ఫ్రీ చేయకుండా రుణ సంఖ్య ఇస్తే అది ఎవరికీ కాకుండా లీకవుతుంది. డీఎంఏ మ్యాపింగ్ విఫలమైతే బిజీ చెప్పడం కూడా సరికాదు. రింగ్‌లో (పంపాల్సిన ప్యాకెట్ల గుండ్రటి వరుసలో) చోటు లేకపోవడం వేరు, ఇది వేరు. ప్యాకెట్‌ని పారేసి, లెక్కలో రాసి, ఓకే చెప్పండి.

డీఎంఏ_మ్యాప్_సింగిల్ ఇచ్చిన చిరునామాని డీఎంఏ_మ్యాపింగ్_ఎర్రర్‌తోనే పరీక్షించాలి. సున్నాతో పోల్చకండి. కొన్ని వేదికల మీద సున్నా కూడా చెల్లే చిరునామాయే. పరీక్ష మరిస్తే డీఎంఏ_ఏపీఐ_డీబగ్ లాగ్‌లో అరుస్తుంది.

పెద్ద ప్యాకెట్ అయితే తల ఒక చోట, ముక్కలు వేరే పేజీల్లో. అయిదో ముక్క మ్యాప్ కాకపోతే ముందు నాలుగూ, తలా వెనక్కి ఇవ్వాలి:

    అన్‌మ్యాప్_ఫ్రాగ్స్:
        వైల్ (--ఐ >= 0)
            డీఎంఏ_అన్‌మ్యాప్_పేజ్(డెవ్, అడ్రస్[ఐ], పొడవు[ఐ], డీఎంఏ_టూ_డివైస్);
        డీఎంఏ_అన్‌మ్యాప్_సింగిల్(డెవ్, తల_అడ్రస్, తల_పొడవు, డీఎంఏ_టూ_డివైస్);
    డ్రాప్:
        డెవ్_కేఫ్రీ_ఎస్‌కేబీ_ఎనీ(ఎస్‌కేబీ);
        ఎన్‌డెవ్->స్టాట్స్.టీఎక్స్_డ్రాప్డ్++;
        రిటర్న్ నెట్‌డెవ్_టీఎక్స్_ఓకే;

ఈ నాలుగు ముక్కల కోడ్‌లో నేను చూసిన తప్పులు: ఐ అన్‌సైన్డ్ కావడంతో లూప్ ఆగకపోవడం. విఫలమైన ముక్కని కూడా అన్‌మ్యాప్ చేయడం. తలని పేజ్ ఫంక్షన్‌తో విప్పడం. రింగ్ చివర నుంచి మొదటికి చుట్టుకున్న చోట ఇండెక్స్ వెనక్కి సరిగా రాకపోవడం. డిస్క్రిప్టర్లలో (ఒక్కో ముక్క చిరునామా, పొడవు రాసే రింగ్ గడుల్లో) రాసినవి చెరపకుండా వదిలేయడం. అందుకే తల డిస్క్రిప్టర్‌ని హార్డ్‌వేర్‌కి అప్పగించే బిట్‌ని అన్ని ముక్కలూ మ్యాప్ అయ్యాకే పెట్టాలి.

ఇంకొకటి ఉంది, పాతకాపులు కూడా జారిపడేది. ప్యాకెట్లు గుంపుగా వస్తున్నప్పుడు డ్రైవర్ డోర్‌బెల్ (ప్యాకెట్ ఉంది, పంపమని కార్డుకు చెప్పే సంకేతం) ప్రతిసారీ కొట్టదు. నెట్‌డెవ్_ఎక్స్‌మిట్_మోర్ ఇంకా ఉన్నాయంటే ఆగి, ఆఖరి ప్యాకెట్‌కి కొడుతుంది. ఆ ఆఖరి ప్యాకెట్టే డ్రాప్ దారిలో పోయిందనుకోండి. బెల్ కొట్టేవాళ్లు లేరు. ముందొచ్చిన ప్యాకెట్లు రింగ్‌లో పడి, ఇంకో ప్యాకెట్ వచ్చేదాకా ఎదురుచూస్తాయి. డ్రాప్ దారిలో కూడా బాకీ ఉన్న బెల్ కొట్టాలి. ఎందుకో ఆలస్యమవుతోంది, మళ్లీ దానంతటదే సర్దుకుంటోంది అని ఎవరైనా అంటే ఇది గుర్తు చేసుకోండి.

ఇంటర్‌ఫేస్ నడుస్తుండగా మార్చేటప్పుడు

ఇంటర్‌ఫేస్‌ని పైకి లేపే ఎన్‌డీఓ_ఓపెన్ విఫలమైతే కెర్నల్ దాన్ని దింపే ఎన్‌డీఓ_స్టాప్‌ని పిలవదు. ఓపెన్ తీసుకున్నవన్నీ ఓపెనే దింపాలి: రింగులు, ఇంటరప్ట్, న్యాపీ (వచ్చిన ప్యాకెట్లను గుంపులుగా తీసుకునే కెర్నల్ ఏర్పాటు).

అసలు చిక్కు ఈథ్‌టూల్ అనే కమాండ్‌తో రింగ్ సైజు మార్చినప్పుడు. చాలా డ్రైవర్లు పాతది మూసి, పడగొట్టి, కొత్తది కడతాయి. కొత్తదానికి మెమరీ దొరకలేదనుకోండి. ఇంటర్‌ఫేస్ పైకి ఉన్నట్టే కనిపిస్తుంది, లోపల రింగులు లేవు. కాసేపటికి ఎవరో దాన్ని కిందికి దింపుతారు. స్టాప్ మళ్లీ న్యాపీ_డిసేబుల్ పిలుస్తుంది. ఒకసారి డిసేబుల్ చేసిన న్యాపీని మళ్లీ డిసేబుల్ చేస్తే అది తిరిగి రాదు, అలాగే వేలాడిపోతుంది, నెట్‌వర్క్ సెట్టింగులకి ఉమ్మడిదైన ఆర్‌టీఎన్‌ఎల్ లాక్ పట్టుకుని మరీ. ఇక ఆ మెషీన్‌లో ఐపీ కమాండ్ ఏదీ కదలదు. మందు ఒక్కటే: కొత్తవి ముందు కేటాయించండి, దొరికాకే పాతవి వదలండి. దొరకకపోతే పాతవాటితోనే నడుస్తూ ఎర్రర్ చెప్పండి.

పడగొట్టి చూడటం

సరిచేశామనుకున్నది నడిపి చూడకపోతే, ముందు రాసినవాళ్లకీ మనకీ తేడా లేదు. ఫెయిల్-ఎన్త్ అనే ఫైలు ఇందుకు బంగారం. ప్రాక్‌లో ప్రతి థ్రెడ్‌కీ ఒకటుంటుంది. అందులో 7 రాస్తే ఆ థ్రెడ్ చేసే ఏడో కేటాయింపు విఫలమవుతుంది.

చిన్న సీ ప్రోగ్రామ్ రాయండి. ముందు డ్రైవర్ బైండ్ ఫైల్ (డివైస్ చిరునామా రాస్తే ప్రోబ్‌ని నడిపించేది) తెరిచి ఉంచుకోండి. ఫెయిల్-ఎన్త్‌లో 1 రాయండి, వెంటనే బైండ్‌లో డివైస్ చిరునామా రాయండి. తర్వాత ఫెయిల్-ఎన్త్‌ని చదవండి. 0 వస్తే ఫాల్ట్ తగిలిందని. అందులో 0 రాసి ఆపేయండి, డివైస్ కట్టుబడి ఉంటే అన్‌బైండ్ చేయండి, ఈసారి 2. ఇలా ఫాల్ట్ తగలకుండా బైండ్ పూర్తయ్యేదాకా. అంటే ఆ దారిలోని కేటాయింపులన్నీ ఒక్కొక్కటిగా పడగొట్టి చూసినట్టు.

మొదటిసారి చేసినవాళ్లకి ఏమీ విఫలం కాక తెల్లమొహం వేయాల్సి వస్తుంది. కారణాలు చెబుతాను. డీబగ్ఎఫ్ఎస్‌లో (కెర్నల్ డీబగ్ సెట్టింగుల ఫైళ్లుండే చోట) ఫెయిల్‌స్లాబ్ కింద ఇగ్నోర్-జీఎఫ్‌పీ-వెయిట్ మొదట్లో వై అని ఉంటుంది, దాన్ని ఎన్ చేయకపోతే జీఎఫ్‌పీ_కెర్నల్ (ఆగి ఎదురుచూడగల మామూలు) కేటాయింపులను అది ముట్టుకోదు. ఫెయిల్_పేజ్_అలాక్‌లో దీనితోపాటు మిన్-ఆర్డర్‌ని 1 నుంచి 0కి దించాలి. కేవీమలాక్ లాంటి కేవీ కుటుంబపు కేటాయింపులు స్లాబ్‌లో దొరక్కపోతే వీమలాక్‌కి మళ్లుతాయి, కాబట్టి ఫాల్ట్ తగిలినా ఫంక్షన్ గెలవొచ్చు. పీసీఐ_రిక్వెస్ట్_రీజియన్స్ మెమరీ ఉన్నా వేరే కారణాలతో విఫలం కావచ్చు. అలాంటివాటికి నేను సిగ్గుపడకుండా ఆ లైను కింద ఎర్ర్ = -ఈబిజీ అని చేత్తో పెట్టి నడిపిస్తాను. ఒక షరతు: ఫంక్షన్ నిజంగా పిలిచి గెలిస్తే దాని వనరు చేతికొచ్చేస్తుంది, కాబట్టి పిలుపునే తీసి ఆ చోట పెట్టాలి. లేదంటే మీరే కొత్త లీక్ సృష్టించి దాని వెంట పడతారు.

ప్రతి రౌండ్ తర్వాత లాగ్‌లో కాసాన్ మాట ఉందేమో చూడండి. కేమెమ్‌లీక్‌కి స్కాన్ అని రాసే ముందు కాస్త ఆగండి, అయిదు సెకన్లు నిండని కేటాయింపులను అది లెక్కలోకి తీసుకోదు. ప్యాకెట్లు ఎక్కడ పడిపోతున్నాయో చూడాలంటే కేఫ్రీ_ఎస్‌కేబీ ట్రేస్‌పాయింట్ ఆన్ చేయండి. కెర్నల్ 5.17 నుంచి అది కారణం కూడా చెబుతుంది.

ప్యాచ్ పంపడం

ఒక బగ్‌కి ఒక ప్యాచ్. దాంతోపాటు డ్రైవర్ అంతా డెవ్‌ఎం ఫంక్షన్లకి (తీసుకున్నవాటిని తమంతట తామే వదిలేవాటికి) మార్చేయాలని చెయ్యి దురద పెడుతుంది, ఆపుకోండి. నెట్‌వర్కింగ్ మెయింటెయినర్లు ఇలాంటి ఆటోమేటిక్ క్లీనప్ పద్ధతుల మీద అంత నమ్మకం లేదని తమ పత్రంలోనే రాసుకున్నారు. నాకూ వాళ్ల మాటే సబబనిపిస్తుంది. డెవ్‌ఎం ఇంటరప్ట్ రిమూవ్ అయిపోయాక విడుదలవుతుంది, ఆలోపు రిమూవ్‌లో ఫ్రీ_నెట్‌డెవ్ చేసేస్తే మొదట చెప్పిన రూటర్ కథ మళ్లీ మొదలు.

బగ్ సవరణ కాబట్టి సబ్జెక్ట్‌లో ప్యాచ్ పక్కన నెట్ అని ఉండాలి, కొత్త ఫీచర్లకు పెట్టే నెట్-నెక్స్ట్ కాదు. తప్పు ఏ కమిట్‌తో (కోడ్ మార్పుతో) వచ్చిందో గిట్ బ్లేమ్‌తో పట్టుకుని, దాని హాష్‌లో మొదటి 12 అక్షరాలతో ఫిక్సెస్ ట్యాగ్ పెట్టండి. ఆ కమిట్ కేవలం ఫైలు పేరు మార్చిందే కావచ్చు, ఇంకా వెనక్కి వెళ్లి చూడండి. ఎవరికి పంపాలో గెట్_మెయింటైనర్ స్క్రిప్ట్ చెబుతుంది. సవరించిన వెర్షన్‌ని 24 గంటలు గడవకుండా మళ్లీ పంపొద్దు.

వివరణలో ఏ దారి విఫలమైతే ఏమవుతుందో, ఎలా కనిపెట్టారో రాయండి. పరికరం చెబితే పరికరమని, కంపైల్ మాత్రమే చేసి చూస్తే అదీ చెప్పండి. చిన్న ఎర్రర్ పాత్ ప్యాచ్ అంటే ఇప్పుడు రివ్యూయర్లు కళ్లు పెద్దవి చేసుకునే చదువుతారు. 2020లో మిన్నెసోటా యూనివర్సిటీ పరిశోధకులు చిన్న సవరణల ముసుగులో కావాలనే బగ్గులున్న ప్యాచ్‌లు పంపి చూశారు, 2021లో అది పెద్ద గొడవయ్యాక ఆ యూనివర్సిటీ నుంచి వచ్చిన పాత ప్యాచ్‌లన్నీ తిరగేసి చూడాల్సి వచ్చింది. ఫెయిల్-ఎన్త్‌లో ఎన్నో అంకె దగ్గర పడిందో చెప్పి, కాసాన్ రిపోర్ట్ కింద అతికిస్తే సగం ప్రశ్నలు రానేరావు.

ప్యాచ్ తీసుకున్నారని మెయిల్ వచ్చాక అదే ఫోల్డర్‌లో పక్క డ్రైవర్లు తెరవండి. డ్రైవర్లు ఎవరూ సున్నా నుంచి రాయరు, పక్కింటిది కాపీ కొట్టి రాస్తారు, బగ్‌తో సహా. కోడ్ నమూనాలు వెతికే కాక్సినెల్ అనే పరికరంతో ఆ నమూనా రాసి డ్రైవర్స్/నెట్ మొత్తం మీద నడిపించండి. దొరికిన ప్రతిదాన్నీ మళ్లీ కాగితం తీసి చూడండి, ఎందుకంటే వాటిలో కొన్ని బగ్గులు కావు, పక్క డ్రైవర్ వేరేచోట సరిగ్గానే వదిలేసి ఉంటుంది.